తొమ్మిది గంటల దూరం

"దగ్గరా, దూరమా?" అని అడిగింది పెట్టెలక్క.

కోడిపిల్లల గదిలో ఏ సరుకు కట్టే ముందైనా ఆమె అడిగే మాట అదొక్కటే. దగ్గరి ప్రయాణమైతే అట్టపెట్టెకు నూరు పిల్లలు. దూరమైతే ఎనభై, ఆ పైన పెట్టెలోని నాలుగు అరల్లోనూ ఒక్కొక్క నీటి జెల్లీ ముక్క, పెట్టెకూ పెట్టెకూ మధ్య నాలుగు వేళ్ళ సందు. పన్నెండు గంటల లోపుదంతా దగ్గర, ఆ పైనదంతా దూరం. మధ్యలో ఇంకో రకం లేదు.

మేనేజరు తన ఫోను తెచ్చి ఆమె ముక్కు ముందు పెట్టాడు. తెర మీద భూగోళం బొమ్మ. ఒక చివర తమ ఊరి చుక్క, ఇంకో చివర ఆ కొత్త ఊరి చుక్క, రెంటినీ కలుపుతూ విల్లులా వంగిన నీలం గీత. దాని కింద ఏడు వేల చిల్లర కిలోమీటర్లనీ, విమాన ప్రయాణం తొమ్మిది గంటలనీ రాసి ఉంది.

"చూశావుగా? పొద్దున ఎక్కితే చీకటి పడేసరికి దిగడమే. దగ్గర కిందే లెక్క. నూరేసి కట్టించు."

"ఏడు వేల కిలోమీటర్లు దగ్గరెట్లా అవుతుందండీ?"

"కిలోమీటర్లు చూడకు, గంటలు చూడు. మీ పుట్టింటికి బస్సులో ఎంతసేపు?"

"పొద్దున బయల్దేరితే దీపాలు పెట్టే వేళవుతుంది. మధ్యలో టైరు పోతే మర్నాడే."

"అదిగో. మీ పుట్టింటికన్నా ఇదే దగ్గర."

గదిలో ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. పెట్టెలక్కా నవ్వింది. నవ్వి, చేతులు తుడుచుకుని, బల్ల దగ్గరికి నడిచింది. ఆ గీత మీద ఎగిరే విమానం ఒక్కటి కూడా లేదన్న సంగతి ఆ తెర మీద ఎక్కడా రాసి లేదు. రాసి లేనిదాన్ని అడగాలన్న ఆలోచన మేనేజరుకూ రాలేదు, ఆమెకూ రాలేదు.

అది గుడ్ల కోళ్ళ జాతి పిల్లల్ని పొదిగించే కంపెనీ. పొదుగు యంత్రాల నుంచి ట్రేలు రాగానే ముందు బల్ల మీది వాళ్ళు పిల్ల రెక్క విప్పి ఈకల పొడుగు చూస్తారు. పెట్టయితే ఎడమ గంప, పుంజయితే కుడి గంప. ఎడమ గంప పెట్టెలక్క బల్ల మీదికి వస్తుంది. కుడి గంప వెనక గదికి పోతుంది. గుడ్లు పెట్టని పుంజుకు ఆ కంపెనీలో మేత దండగ. వెనక గదిలో ఒక యంత్రం ఉంది. దాని గురించి ఎవరూ ఇళ్ళ దగ్గర మాట్లాడుకోరు.

పెట్టెలక్క చేతికి రెండేసి పిల్లల్ని ఎత్తుతుంది. వేళ్ళు బిగించదు, అరచేతిని గిన్నెలా చేస్తుంది. పెదవులు కదలకుండా రెళ్ళ లెక్కన అర నింపుతుంది, మూత వేసి, చెవి పెట్టి ఒక క్షణం వింటుంది. సన్నగా కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటే బాగున్నట్టు. ఎలుగెత్తి అరుస్తుంటే చలో, వేడో, ఇరుకో. ఆమె పక్కన నిలబడి కట్టేది సొంత తోడికోడలు. మరిది పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాక, మేనేజరును బతిమాలి ఆమెను పనిలో పెట్టించింది పెట్టెలక్కే. ఈ చిన్నామెకు చెయ్యి పెద్దది. దారిలో ఒకటో అరో పోతే అందుకున్నవాళ్ళకు తక్కువ పడకూడదని పెట్టెకు రెండు కొసరు వెయ్యడం అక్కడి అలవాటు. ఆమె నాలుగు వేస్తుంది. గదిలో అందరూ కొసరమ్మ అనే పిలుస్తారు.

"రెండు చాలే తల్లీ," అంది పెట్టెలక్క ఆ రోజు కూడా.

"ఏడు వేల కిలోమీటర్లక్కా. అంత దూరం నుంచి తెప్పించుకుని ఒకటి తక్కువైతే వాళ్ళ ప్రాణం ఉసూరుమనదూ?"

"నీ పెళ్ళిలో వడ్డన నీ చేతికివ్వలేదు, అదొక్కటే మన అత్త చేసిన మంచిపని."

కొసరమ్మ కిలకిలా నవ్వి, ఇంకో రెండు పిల్లల్ని అరలో వేసింది. ఒకదాని తల నిమిరింది. పెట్టెలక్క ఆ చేతి మీద చిన్నగా కొట్టింది.

"నిమరకు. సరుకును నిమిరితే సాయంత్రానికి నువ్వే ఏడుస్తావు."

*

నాలుగో రోజు పొద్దున మేనేజరు ఆమెను తన గదికి పిలిపించాడు. కూర్చోమన్నాడు. అతడు కూర్చోమన్నాడంటేనే కబురు మంచిది కాదని ఆమెకు అర్థమై, కుర్చీ అంచున కూర్చుంది.

ఫోనులో బొమ్మలు చూపించాడు. తాము కట్టిన పెట్టెలే. మూతలు తీసి వరసగా పెట్టారు. పై వరస పెట్టెల్లో పిల్లలు పసుపుపచ్చగా, నిలబడి ఉన్నాయి. మధ్య వరసల పెట్టెల్లో పసుపు రంగు మాసిపోయి, తడిసిన దూదిలా ఒకదాని మీద ఒకటి అణిగి ఉన్నాయి. కొన్ని తలలు గాలి కన్నాల్లోంచి బయటికి వచ్చి అక్కడే ఆగిపోయాయి.

"మూడో వంతు పోయాయి," అన్నాడు.

 ఆ అట్టల మీద అంటించిన టేపు వంకర తనదేనని ఆమె గుర్తుపట్టింది.

"ఎంతసేపట్లో చేరాయటండీ?"

మేనేజరు కిటికీ వైపు తిరిగాడు. "మధ్యలో ఒక చోట విమానం మారిందట. బుకింగు వాడు చిన్న మార్పు ఉందన్నాడు, నేను కాగితాల్లో ఏదో మార్పనుకున్నాను."

"ఎంతసేపండీ?"

"ముప్ఫై నాలుగు గంటలు."

"అయ్యో దేవుడా! అది దూరం కదండీ!"

"నీ దూరం, దగ్గర పక్కన పెట్టు," అతడి గొంతు కాస్త లేచింది. "పిల్ల పొట్టలో పచ్చసొన ఉంటుంది. గింజా నీళ్ళూ లేకపోయినా దాని మీద మూడు రోజులు బతుకుతుంది. ఇది నేను పుట్టించిన మాట కాదు, పుస్తకాల్లో ఉంది. ముప్ఫై నాలుగు గంటలకు చావకూడదు. మరెందుకు చచ్చాయి? వాళ్ళు బతికినవీ చచ్చినవీ కలిపి చూస్తే పెట్టెకు నూట నాలుగు తేలాయి. ఇరుకు చేసి చంపాం."

అతడు ఫోను బోర్లించి పెట్టాడు.

"వాళ్ళ పశువుల డాక్టరమ్మ వస్తోంది, మన భాష మనిషే. బేరం ఉంచాలో తెంచాలో ఆవిడ చేతుల్లో ఉంది. ఒక కొత్త మనిషి చెప్పకుండా ఎక్కువ వేసింది, ఆ మనిషిని తీసేశాం అని నువ్వు చెప్పు. గదికి పెద్దదానివి, నువ్వు చెబితే నమ్ముతుంది."

"అది నా తోడికోడలండీ."

"తెలుసు. అందుకే నిన్ను కూర్చోబెట్టి చెబుతున్నాను. పైవాళ్ళు నన్ను ఒక పేరు చెప్పమంటున్నారు. ఆమె పేరు కాకపోతే నీ పేరు. నువ్వు పోతే ఆమె మాత్రం ఉంటుందా?"

అతడు చెడ్డవాడు కాడు. తన పేరు తప్ప ఇంకెవరి పేరైనా చెప్పగలిగే మనిషి, అంతే. అప్పటికే కొసరమ్మను బల్ల దగ్గరి నుంచి తప్పించి, సరుకు ఉంచే రేకుల షెడ్డు పక్కన ట్రేలు కడిగే పనికి పంపేశాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి వచ్చారు. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ, పెరడు ఒకటే. అంట్లు ముందేసుకుని ఎదురుబదురుగా కూర్చున్నాక కొసరమ్మే ఎత్తుకుంది.

"చెప్పెయ్యక్కా. నేనే వేశానని చెప్పెయ్. నిజమే కదా."

"నాలుగు పిల్లలు ఎక్కువైనంత మాత్రాన చావవే. నూట నాలుగుతో పంపిన సరుకు ఎన్నిసార్లు పోలేదు? అన్నీ దగ్గరివే, ఒక్కటన్నా చచ్చిందా?"

"ఆ సంగతి నీకూ నాకూ తెలిస్తే ఏం లాభం? ఇద్దరం పోయే బదులు ఒకళ్ళం పోతే నయం."

లోపలి నుంచి మరిది కేక వేశాడు. "ఏంటర్రా గుసగుసలు?"

"నీ కట్టు విప్పాక ఆ కాలు ఇంట్లో ఉంచాలా, పారెయ్యాలా అని మాట్లాడుకుంటున్నాం," అంది కొసరమ్మ. గొంతులో నవ్వు ఉంది. చేతిలో గిన్నె మాత్రం తోమిన చోటే మళ్ళీ మళ్ళీ తోముతోంది. "నాకింకెక్కడా పని దొరకదక్కా," అంది గొంతు తగ్గించి. "పిల్లల్ని చంపి వచ్చిందంటే ఏ కోళ్ళ కంపెనీ గడప తొక్కనిస్తుంది?"

పెట్టెలక్క ఆమె చేతిలోంచి గిన్నె లాక్కుని కడిగి బోర్లించింది.

*

మర్నాడు పొద్దున, బయల్దేరుతున్నానని డాక్టరమ్మ కబురు పంపింది. మేనేజరు మళ్ళీ ఆ నీలం గీత చూసుకున్నాడు. తొమ్మిది గంటలు కలుపుకుని సాయంత్రానికి కారు పంపించాడు. ఆఫీసు గది కడిగించాడు, బల్ల మీద గుడ్డ మార్పించాడు, పెట్టెలక్కను ఉతికిన ఏప్రనుతో నిలబడమన్నాడు. కారు ఖాళీగా వచ్చింది. విమానం ఆలస్యమనుకుని మళ్ళీ పంపించాడు. మళ్ళీ ఖాళీగానే వచ్చింది.

"బయల్దేరిన మనిషి ఆకాశంలో ఎటు పోయిందంటావు?" అని గుసగుసగా అడిగింది ముందు బల్ల ఆవిడ.

"గీత తెగి కింద పడుంటుంది," అంది పెట్టెలక్క. నవ్వు రాకుండానే అంది.

మర్నాడు మధ్యాహ్నం దాటాక, ఒక అద్దె కారు గేటు ముందు ఆగింది. దిగిన మనిషికి యాభై ఉంటాయి. జుట్టు ఒక పక్కకు అణిగిపోయింది. పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు విప్పేసుకుని ఈడ్చుకుంటూ నడుస్తోంది. నమస్కారాలకు తల ఊపి, ముందు నీళ్ళు అడిగింది. నిలబడే రెండు గ్లాసులు తాగింది.

"మేడమ్, నిన్న సాయంత్రం నుంచీ మా కారు ఎయిర్‌పోర్టులోనే..."

"నిన్న సాయంత్రం నేను మధ్య ఊళ్ళో నేల మీద కూర్చుని ఉన్నానండీ. కుర్చీలు కూడా దొరకలేదు."

"తొమ్మిది గంటలే కదా అని..."

"ఎవరు చెప్పారు? మా ఊరి నుంచి మీ ఊరికి నేరుగా విమానం ఏనాడూ లేదు."

మేనేజరు ముఖం మీద చిరునవ్వు ఉన్న చోటే ఉండిపోయింది. కానీ ఆవిడ తగవుకు రాలేదు. గదంతా తిరిగి చూసింది, పెట్టె విప్పి అరలు చూసింది, కన్నాల్లో వేలు పెట్టి చూసింది. మేనేజరు పచ్చసొన సంగతి చెబితే ఔనంది. నూట నాలుగు సంగతి చెబితే అదీ ఔనంది, తానే దగ్గరుండి చూశానంది.

"నా కాళ్ళు ఉబ్బాయి కాబట్టి మీ పిల్లలు ప్రయాణం వల్లే చచ్చాయని చెప్పలేను కదా," అని పెట్టెలక్క వైపు తిరిగింది. "పెట్టెలు కట్టించేది నువ్వేనా అమ్మా?"

 మేనేజరు పెట్టెలక్కనే చూస్తున్నాడు. చెప్పాల్సిన మాటను రెండు రోజులుగా నోట్లో నములుతూనే ఉంది. తీరా అడిగేసరికి అది ఎటు పోయిందో దొరకలేదు. "నేనేనండీ," అంది, అంతే.

"రేపు మీకు పుంజు పిల్లలు దిగుతాయా?"

"దిగుతాయి మేడమ్, ఎలాగూ పారేసేవే," అన్నాడు మేనేజరు.

"అయితే పన్నెండు పెట్టెలు కట్టించండి. కచ్చితంగా నూరేసి, కొసరు వద్దు. విమానంలో కట్టినట్టే దగ్గరగా పేర్చి, వల బిగించి, ఆ రేకుల షెడ్డులో పెట్టి తలుపు మూసెయ్యండి. మధ్య ఊళ్ళో సరుకును ఉంచింది అలాంటి షెడ్డులోనే, నేను వెళ్ళి చూశాను. ముప్ఫై నాలుగు గంటలు ఎవరూ ముట్టుకోవద్దు. చస్తే తప్పు ప్రయాణానిది, బతికితే తప్పు కట్టిన చేతిది."

మేనేజరు వెంటనే ఒప్పుకున్నాడు. అతడికి పచ్చసొన మీద నమ్మకం గట్టిది. పెట్టెలక్కకు గుండెల మీంచి బరువు దిగింది. ఇక తాను నోరు తెరవక్కర్లేదు, పెట్టెలే చెబుతాయి.

మర్నాడు పొద్దున్నే కట్టారు. ఎడమ గంపకు బదులు కుడి గంప బల్ల మీదికి రావడం తప్ప పనిలో తేడా లేదు. పుంజు పిల్లా, పెట్టపిల్లా అరచేతిలో ఒకే బరువు. వల బిగించాక, ట్రేలు కడిగే తొట్టి దగ్గర కొసరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చస్తాయంటావా అక్కా?"

"చస్తాయి."

"ఖాయంగా?"

"రేపీపాటికి మధ్య వరసలు ఉండవు."

"అమ్మయ్య," అంది కొసరమ్మ. అన్న తరవాత తన నోటిని తనే తడిచేత్తో మూసుకుంది.

*

ఆ రోజంతా షెడ్డులోంచి కబుర్ల చప్పుడు వచ్చింది. రేకులు ఎండకు కాలేసరికి అది అరుపయింది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు పెట్టెలక్క షెడ్డు పక్క దారిన పోకుండా గోడ చుట్టూ తిరిగి గేటు దాటింది.

రెండో రోజు పొద్దున వచ్చేసరికి అరుపు ఇంకా ఉంది. ఏప్రను తొడుక్కుని బల్ల ముందు నిలబడింది. పెట్టపిల్లలు వచ్చాయి. దగ్గరి సరుకు. రెండు, నాలుగు, ఆరు. అర నింపింది, మూత వేసింది, చెవి పెట్టింది. చెవికి ఈ పెట్టె వినిపించడం లేదు, షెడ్డే వినిపిస్తోంది. ఇంకా అరుస్తున్నాయి, అరవనీ అనుకుంది. ఎలాగూ నిన్న పొద్దున్నే యంత్రంలో పడాల్సినవి. ఒక రోజు ఎక్కువే బతికాయి. అవి చస్తే ఒక మనిషి నిలబడుతుంది, ఒక ఇల్లు నిలబడుతుంది. రెండు, నాలుగు, ఆరు.

ఎండ రేకుల మీదికి ఎక్కాక అరుపు సన్నబడింది. ముందు బల్ల ఆవిడ "హమ్మయ్య, కాసేపు ఊరుకున్నాయి, తల పగిలిపోతోంది" అంది. పెట్టెలక్క చేతులు అరలోనే ఆగిపోయాయి. ఆమెకు అరుపుతో ఎప్పుడూ భయం లేదు. అరిచే పిల్లకు ఇంకా ఊపిరి మిగిలుంది. వేడి తగిలిన పిల్ల అరుపు మాని, ముక్కు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి, రొప్పుతుంది. రొప్పుడు బయటికి వినపడదు. ఆ తరవాత కాసేపట్లో ఇంక రొప్పడం కూడా ఉండదు.

"లెక్క తప్పింది," అని పైకే అంది. అరలోని పిల్లల్ని వదిలేసి బయటికి నడిచింది.

జెల్లీ డబ్బా స్టోరులో ఉంటుంది. తాళం ఆమె నడుముకే ఉంది. దాన్ని తీసుకుని షెడ్డు దాకా వచ్చేటప్పుడు కూడా తాను ఏం చెయ్యబోతోందో తనకు తెలియదనే అనుకుంటోంది. తలుపు గడియ తీయగానే వేడి ముఖం మీద కొట్టింది. వల ముడి విప్పింది. పై పెట్టెలు దింపి, మధ్య పెట్టె మూత ఎత్తింది.

ఆమె చూసిన మొదటి పిల్ల కళ్ళు మూసుకుని, ముక్కు తెరుచుకుని, పక్కదాని వీపు మీద గడ్డం ఆనించి ఉంది. గడ్డం కింది పిల్ల చచ్చిపోయి ఉంది. కన్నంలోంచి తల బయటికి పెట్టి ఒకటి గాలి కోసం వెతుకుతోంది. అర మూలన, ముగ్గురో నలుగురో పిల్లలున్న ఇంట్లో పెద్దది చిన్నవాటిని కమ్ముకున్నట్టు, ఒకటి రెక్కలు విప్పి పడుకుని ఉంది.

"ఎదవల్లారా," అంది పెట్టెలక్క. "ఇంకాసేపు ఓర్చుకోలేకపోయారా? నా కొంప తీయడానికే పుట్టారా?"

తిడుతూనే జెల్లీ చిదిపి అరల్లో వేసింది. తిడుతూనే ఒక్కో పిల్ల ముక్కును వేలితో తడిపింది. మొదట అవి ముట్టుకోలేదు. ఒకటి వేలిని పొడిచింది. దాన్ని చూసి ఇంకోటి. పెట్టెలకు మధ్య సందులు చేసి, తలుపు బార్లా తీసి, గాలి ఆడనిచ్చింది. చచ్చినవాటిని తీయలేదు, ఉన్నచోటనే వదిలింది. అరుపు మళ్ళీ లేచేదాకా అక్కడే ఉంది. లేచాక తలుపు దగ్గరగా వేసి వచ్చి, చేతులు కడుక్కుని, అర మొదటి నుంచి లెక్కపెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళి మళ్ళీ జెల్లీ వేసింది. సాయంత్రం కాకముందే పెట్టెల్ని ముందులాగే పేర్చి వల బిగించింది. ఇన్నిసార్లు అటు పోయినా, తొట్టి దగ్గర కొసరమ్మ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

*

గడువు తీరాక డాక్టరమ్మ వచ్చింది. నిద్రపోయి, తల దువ్వుకుని, మామూలు మనిషైంది. మేనేజరు వెనక పనివాళ్ళు నలుగురైదుగురు నిలబడ్డారు. కొసరమ్మను కూడా పిలిపించారు. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూ అందరికన్నా వెనక నిలబడింది.

పై పెట్టె తీశారు, బాగున్నాయి. మధ్యది తీశారు. అడుగున కొన్ని చచ్చి ఉన్నాయి. మిగిలినవి నిలబడి వెలుతురు చూసి అరిచాయి. మూడోది, నాలుగోది తీశారు. మేనేజరు ముఖం పెట్టె పెట్టెకూ విచ్చుకుంటోంది.

"చూశారా మేడమ్? ముప్ఫై నాలుగు గంటలు! అవే పెట్టెలు, అదే వేడి. నూరుకు నూరేసి కడితే ఇంతకన్నా పోలేదు. అవతల నూట నాలుగు కుక్కితే..." అని ఆగి, వెనక్కి చూశాడు.

అందరూ వెనక్కి చూశారు. కొసరమ్మ పెట్టెల్నే చూస్తోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. బతికి అరుస్తున్న పిల్లల్ని చూసి ఒక మనిషి ముఖంలో నెత్తురు అలా ఇంకిపోవడం పెట్టెలక్క ఎప్పుడూ చూడలేదు.

"నాలుగు ఎక్కువ వెయ్యమని నీకు ఎవరు చెప్పారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. కోపంగా ఏం అడగలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. తక్కువ పడకూడదని... కొసరు..."

తాను ఊరుకుంటే చాలు. పెట్టెలక్కకు అది పట్టపగల్లా కనిపించింది. అబద్ధం చెప్పమన్నప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు అబద్ధం కూడా అక్కర్లేదు, ఊరుకుంటే చాలు. పిల్లలూ బతికాయి, తన పనీ బతుకుతుంది, తోడికోడలు ఎలాగూ చెప్పెయ్యమనే అంది.

"నేను తెరిచానండీ," అంది.

"ఏమిటీ?" అన్నాడు మేనేజరు.

"పెట్టెలు. పొద్దున తెరిచాను. జెల్లీ పెట్టాను. గాలి ఆడనిచ్చాను. మధ్యాహ్నం కూడా పెట్టాను. లేకపోతే ఈ మధ్య వరసలు ఉండవండీ."

మేనేజరు ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఎందుకు తెరిచావు? ముట్టుకోవద్దన్నారా లేదా?"

"అన్నారండీ."

"మరి?"

"అరుపు ఆగిపోయిందండీ," అంది పెట్టెలక్క. 

"అబద్ధం మేడమ్! సొంత తోడికోడలు, దాన్ని కాపాడుకోవడానికి ఇప్పుడు కథ అల్లుతోంది."

డాక్టరమ్మ పెట్టె అడుగు నుంచి చచ్చిన పిల్లను ఒకదాన్ని తీసింది. దాని పొట్ట నొక్కి చూసింది. కాలును వేళ్ళ మధ్య పెట్టి వెలుతురులోకి తిప్పింది. ఎండిన పుల్లలా చర్మం ముడతలు పడి, లోపలి నరం గీతలా పైకి కనిపిస్తోంది. ఇంకోదాన్ని తీసింది, అలాగే ఉంది. పెట్టె మూలన చిదిపిన జెల్లీ తడి వేలికి అంటితే చూసుకుంది.

"పొట్టలో సొన ఉంది," అంది మేనేజరుతో. "తిండి లేక పోలేదు, ఒంట్లో నీరు ఇంకిపోయి పోయాయి. మాకు వచ్చినవాటి కాళ్ళూ ఇలాగే ఉన్నాయి. వీటిలో కొసరు లేదు కదండీ."

"రేపు మళ్ళీ పెడదాం మేడమ్. ఈసారి తాళం వేసి కాపలా పెడతాను."

"వద్దు. చాలు." ఆవిడ ఆ పిల్లను దాని చోటులో పెట్టి చేతులు తుడుచుకుంది. "దూరానికి ఎలా కడతావమ్మా?"

పెట్టెలక్క చెప్పింది. ఎనభై, జెల్లీ, నాలుగు వేళ్ళ సందు.

"మా ఊరికి అలాగే కట్టండి," అని, మేనేజరు వైపు తిరిగి, "మా దూరం ముప్ఫై నాలుగు గంటలు. ఎవరినైనా తీసేశానని నాకు చెప్పకండి, నేను అడగలేదు," అంది.

బేరం నిలబడింది, కొసరమ్మ పనీ నిలబడింది. డాక్టరమ్మ కారు గేటు దాటేదాకా మేనేజరు చెయ్యి ఊపి, వెనక్కి వచ్చాడు. అతడికి కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

"చెప్పిన పరీక్షను పాడు చేసిన మనిషిని బల్ల దగ్గర ఉంచలేను. రేపటి నుంచి నీ చోటులో నీ తోడికోడలు నిలబడుతుంది. నువ్వు వెనక గదికి పో." షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "ఈ పెట్టెలు కూడా అక్కడికే. పొయ్యేటప్పుడు దింపేసి పో."

పన్నెండు పెట్టెలు. తోడికోడళ్ళిద్దరూ కలిసి మోశారు. వెనక గది మనిషి ఒక్కో పెట్టె అందుకుని మూత తీశాడు. పెట్టెలక్క దింపిన ప్రతిసారీ వెంటనే వెనక్కి తిరిగింది. నాలుగోసారి తిరగలేదు. రేపటి నుంచి చూడాల్సిందే కదా అని నిలబడి చూసింది.

*

కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుంటుంటే కొసరమ్మ వచ్చి పక్కన నిలబడింది. రెండు టిఫిను డబ్బాలూ గోడ మీద పెట్టింది. ఆమె ముఖంలో సంతోషం కోసం పెట్టెలక్క ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది.

"ఇప్పుడు నీకు మంచి చోటు దొరికిందిలే," అంది. "కొసరు రెండే వెయ్యి. లేకపోతే నేనొచ్చి కొడతాను."

కొసరమ్మ నవ్వలేదు.

"నేనూ వెళ్ళానక్కా," అంది.

"ఎక్కడికి?"

"షెడ్డు దగ్గరికి. పొద్దున, నీకన్నా ముందు. తొట్టి పక్కనే కదా, నాకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. తలుపు మీద చెయ్యి కూడా వేశాను. గడియ వేడిగా ఉంది." ఆమె కుళాయి కింద చేతులు పెట్టింది కానీ కడుక్కోవడం లేదు. "లోపల అరుపు తగ్గుతోంది. సరే, అయిపోతోంది, ఇంకాసేపే అనుకున్నాను. వెనక్కి వచ్చి ట్రేలు గట్టిగా కొట్టుకుంటూ కడిగాను, వినపడకుండా. నువ్వు జెల్లీ డబ్బాతో పోతుంటే చూశాను. నిన్ను ఆపాలనిపించిందక్కా. లేచి నీ చెయ్యి పట్టుకుని లాక్కొద్దామనిపించింది."

నీళ్ళు పారుతున్నాయి. పెట్టెలక్క సబ్బు చేతులతో అలాగే నిలబడింది.

"నేను అట్లాంటిదాన్ని కాదు కదా?" అంది కొసరమ్మ. "నువ్వు చెప్పు. నేను అట్లాంటిదాన్నా?"

"కాదు."

"మరి నీకు నా మీద కోపం రాలేదా?"

పెట్టెలక్క చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కుళాయి కట్టేసింది.

"కోపం వచ్చింది, నీ మీద కాదు. తొమ్మిది గంటలన్నప్పుడు వాడి మీద కూడా ఇంత రాలేదే," అంది. "నాలుగు రోజుల్లో వీళ్ళు నిన్ను ఆ తలుపు దాకా తెచ్చి వెనక్కి తిప్పారు చూడు, అందుకొచ్చింది."

కొసరమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఈ వారంలో ఆమె ఏడవడం అదే మొదలు. పెట్టెలక్క రెండు టిఫిను డబ్బాలూ తన చేతికి తగిలించుకుంది. గేటు అవతల వాళ్ళు ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది. ఆమె కొసరమ్మ పక్క నుంచి కదలలేదు.